తుపాకి కాయితం మీద నా పేరు

ఆయన కూతురు ఆక్లండ్‌లోని మౌంట్ ఆల్బర్ట్ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను అదే ఊరికి ఇంకో చివర, ఆల్బనీలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆ అమ్మాయి న్యూజిలాండ్‌లోనే పుట్టి పెరిగింది. తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడదు. ఆ రోజు మాత్రం "నాన్న పోయారు అక్కా" అని తెలుగులోనే అంది. నా నోట మొదట వచ్చిన మాట అయ్యో కాదు. "ఎట్లా?" అని అడిగాను. ఆమె క్షణం కూడా ఆగకుండా, "నిద్రలో. మంచం మీదే. గుండె ఆగిందన్నారు" అని ఇంగ్లీషులో చెప్పింది. నేను ఎందుకలా అడిగానో ఆమెకు తెలుసు. ఆమె అంత త్వరగా ఎందుకు చెప్పిందో నాకూ తెలుసు. ఇద్దరం ఫోన్ పెట్టేయలేదు. రెండు బస్సులు వచ్చి వెళ్ళిపోయాయి.

ఆయన పేరు ఇక్కడ రాయను. కాయితాల విషయంలో ఆయనకు పట్టింపు ఎక్కువ. అడగకుండా ఒకరి పేరు రాయడం తప్పు అనేవారు.

నేను నల్గొండ నుంచి వచ్చి, ఈ దేశానికి దక్షిణాన ఉన్న డునెడిన్ ఊళ్ళో ఆసుపత్రిలో రక్తపరీక్షల ల్యాబులో చేరిన కొత్తలో, కారిడార్లో నిలబడి అమ్మతో ఫోన్ మాట్లాడుతుంటే, ఖాళీ మంచం తోసుకుంటూ పోతున్న ఒక పెద్దాయన ఆగిపోయారు. నేను ఫోన్ పెట్టేసేదాకా ఆగి, "ఏటమ్మా, తెలుగేనా?" అన్నారు. ఆసుపత్రిలో రోగుల మంచాలు ఒక వార్డు నుంచి మరో వార్డుకు తోసే ఉద్యోగం ఆయనది. ముత్తాతలు చెరకు తోటల్లో కూలికి ఫిజీ వెళ్ళినవాళ్ళు. అక్కడ ప్రభుత్వాన్ని సైన్యం పడగొట్టినప్పుడు ఈయన భార్యతో డునెడిన్ వచ్చేశారు. ఆయన తెలుగు నాయనమ్మ నోటి తెలుగు. లైసెన్సును కాయితం అనేవారు, పోలీసును జవాను అనేవారు, జింకను దుప్పి అనేవారు. ఎప్పుడూ చూడని ఊళ్ళ యాస ఆయన నాలుక మీద నిలిచి ఉంది.

ఆయన వేటకు వెళ్ళేవారు. వేట అన్న మాట మాత్రం వాడేవారు కాదు. "మాంసానికి ఎల్తన్నాను" అనేవారు, బజారుకు వెళ్తున్నట్టు.

నాకది మొదట మింగుడు పడలేదు. మన దగ్గర జింకను చంపితే జైలు. ఇక్కడ జింకలు పూర్వం ఓడల్లో తెచ్చి వదిలిన జంతువులు. అవి పెరిగి అడవిని మేసేస్తున్నాయని ప్రభుత్వమే చంపమంటుంది. చాలాచోట్ల ఏడాది పొడుగునా వేటాడవచ్చు, ఇన్నే చంపాలన్న హద్దు లేదు. అయినా కాయితాలు తప్పవు. తుపాకి పట్టడానికి పోలీసుల లైసెన్సు, ప్రభుత్వ అడవిలోకి వెళ్ళడానికి పర్మిట్టు, ఒకరి పొలం దాటి వెళ్ళాలంటే ఆ ఆసామి అనుమతి.

"జింకను ఎవరూ కాపాడనప్పుడు ఇన్ని రూల్స్ ఎందుకు అంకుల్?" అని అడిగాను.

"రూల్సు దుప్పికి కాదమ్మా. మనిసికి" అన్నారు.

ఒక ఏప్రిల్‌లో ఆయనా ఆంటీ నన్ను కూడా తీసుకుపోయారు. అడవి అంచున కంకర పరిచిన చోట కారు ఆపి, ఆయన ప్లాస్టిక్ కవరులోంచి పర్మిట్టు తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టారు. అడవి పేరు, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా, తన పూర్తి పేరు, ఏ తుపాకి, వెంట కుక్క లేదు, అన్నీ. పంతులుగారు సంకల్పంలో దేశకాలాలూ గోత్రనామాలూ చెప్పినట్టే ఉంది. ఆంటీ ఫ్లాస్కు పట్టుకుని, అలవాటుగా, తల వంచుకుని నిలబడ్డారు. ఫోన్లో చూపిస్తే సరిపోతుంది కదా అన్నాను. "ఫోను సచ్చిపోద్ది. కాయితం సావదు" అని మళ్ళీ మడతపెట్టి లోపలి జేబులో పెట్టుకున్నారు.

జత కోసం మగ జింకలు అరిచే రోజులవి. ఆ రోజుల్లో అడవి నిండా తుపాకులే. తొందరపడి, ఆకుల వెనక కదిలిన మనిషిని జింక అనుకుని కాల్చినవాళ్ళు ఉన్నారు. ఆ రోజు ఆయన ఒక జింక అరుపు వెంట పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నడిచారట. చివరికి ఫెర్న్ మొక్కల వెనక గోధుమరంగు భుజం ఒకటి, చెవి ఒకటి కనబడ్డాయి. తుపాకి ఎత్తి చాలాసేపు నిలబడ్డారు. తల కనబడలేదు. దించేసి వెనక్కి వచ్చేశారు.

"జింకే అయ్యుంటది గదా అంకుల్" అన్నాను.

"అయ్యుంటది" అని ఒప్పుకుని, ఆంటీ చేతిలోంచి టీ అందుకున్నారు. ముఖంలో నిరాశ ఏమీ లేదు. ఉత్త చేతులతో తిరిగి రావడం కూడా ఆ పనిలో ఒక భాగం అన్నట్టుగా ఉన్నారు.

మాంసం దొరికిన వారం మాత్రం ఊళ్ళో ఉన్న నాలుగైదు తెలుగు ఇళ్ళకూ పొట్లాలు అందేవి. హైదరాబాద్ నుంచి వచ్చి హోటల్ పెట్టుకున్న ఒకాయన ఆశపడి, "అంకుల్, పార్టీ ఆర్డర్ ఉంది, ఒక కాలు ఇప్పించండి, రేటు మీరే చెప్పండి" అన్నాడు. వేటాడిన మాంసం అమ్మకూడదని చట్టం. అమ్మేది కాదు, ఇచ్చేదీ పుచ్చుకునేదీ అనుకుందాం, నేను బియ్యం బస్తా పంపిస్తా అన్నాడు ఆయన మళ్ళీ. బదులు పుచ్చుకోవడం కూడా అమ్మడమే అన్నారీయన. "ఇంటికి రా. వండి పెడతాను. నీ పెళ్ళాం పిల్లల్ని కూడా తీసుకురా. హోటేలుకి ఒక్క ముక్క ఇవ్వను." హోటలాయన నిజంగానే కుటుంబంతో వెళ్ళి తిని వచ్చాడు.

తుపాకులు ఇంటి గ్యారేజీలో, గోడకు బోల్టులతో బిగించిన ఇనప బీరువాలో ఉండేవి. లైసెన్సు లేనివాళ్ళ చేతికి అవి చిక్కకూడదు, భార్యకైనా సరే. ఆంటీ నవ్వుతూ అనేవారు: "నలభై యేళ్ళ కాపురంలో ఈయన గురించి నాకు తెలియనిది ఒక్కటే, ఆ తాళంచెవి ఎక్కడుందో." లైసెన్సు పదేళ్ళకొకసారి కొత్తగా తీసుకోవాలి. అప్పుడు పోలీసుల తరఫు మనిషి ఇంటికి వచ్చి బీరువా బిగింపు చూస్తారు. ఇంట్లోవాళ్ళతో విడిగా మాట్లాడతారు, బయటి మనిషి ఒకరితోనూ మాట్లాడతారు. ఈ మనిషి చేతిలో తుపాకి ఉండవచ్చునా అని. పోయినసారి ఆంటీతో మాట్లాడేటప్పుడు ఈయన్ని పెరట్లో నిలబెట్టారట. "వాన తుంపర్లో ఇరవై నిమిషాలు. కిటికీలోంచి చూస్తే పాపం బడిపిల్లాడిలా నిలబడ్డారు" అని చెప్పేవారు ఆంటీ.

ఆంటీకి కడుపులో కాన్సర్ అని తెలిశాక ఆరు నెలలు బతికారు. ఆయన అప్పటికే రిటైరయ్యారు. అయినా చివరి రోజు స్కానింగుకు తీసుకెళ్ళేటప్పుడు, ఆ పనిలో ఉన్న కుర్రవాడిని పక్కకు జరగమని, ఆ మంచం తనే తోశారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నన్ను ఇంటికి రమ్మని, బల్ల మీద కాయితాలు పరిచి చూపించారు. లైసెన్సు గడువు దగ్గర పడింది.

"మీ ఆంటీ లేదు గదా. అమ్మాయి ఆక్లండ్‌లో ఉంది. దగ్గరుండి నన్ను సూసేది నువ్వే. నీ పేరు రాయొచ్చా?"

"రాయండి అంకుల్. అది కూడా అడగాల్నా" అన్నాను. అప్పుడు ఆ మాట ఎంత తేలిగ్గా అన్నానో.

చలి ముదిరింది. ఆదివారాలు అన్నమూ కూరా పట్టుకుని వెళ్ళేదాన్ని. ఆయన చిక్కిపోయారు. పర్మిట్టు తీసుకోవడం లేదు. ఒక ఆదివారం తలుపు కొడితే పలకలేదు. వెనక గ్యారేజీలో, బీరువాకు ఎదురుగా, పాత ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుని ఉన్నారు. బీరువా తాళం వేసే ఉంది.

"ఈ ఏడు అడవికి పోరా అంకుల్? పర్మిట్ తియ్యలేదా?" అని, ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను.

ఆయన నా వైపు చూడకుండా చెప్పారు. "నాను ఎల్లాల్సిన సోటికి పర్మిట్టు అక్కర్లేదమ్మా."

"అట్ల మాట్లాడకండి" అన్నాను. లేచి వచ్చారు. అన్నం పెట్టాను. తిన్నారు.  ఆ సాయంత్రం కూతురికి ఫోన్ చేశాను. అమ్మ పోయిన దిగులు, నాన్న ఎప్పుడూ అలాగే మాట్లాడతారు అంది. నిజమే కావచ్చు అనుకున్నాను. అలా అనుకోవడం నాకూ సుఖంగానే ఉంది.

రెండు వారాలకు శనివారం పొద్దున పోలీసుల తరఫున ఒకావిడ నా ఫ్లాట్‌కి వచ్చారు. నెరిసిన జుట్టు, కోటు మీద కుక్క వెంట్రుకలు. టీ వద్దన్నారు. తాగుతారా, కోపిష్టివారా, ఎవరితోనైనా తగాదాలున్నాయా అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. అన్నిటికీ లేదు, లేదు అని గబగబా చెప్పాను. తర్వాత అదే గొంతుతో అడిగారు. "ఈమధ్య ఆయన బతకాలని లేదన్నట్టు ఎప్పుడైనా మాట్లాడారా?"

 ముప్పై ఏళ్ళలో ఆ మనిషి మీద ఒక్క మచ్చ లేదు. భార్య పోయింది, ఉద్యోగం అయిపోయింది, కూతురు దూరం. ఆ కొండలూ ఆ తుపాకులూ తప్ప ఆయనకు మిగిలింది లేదు. గ్యారేజీలో ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. లేదు అంటే అక్కడితో సరి. ఆవిడ తొందరపెట్టలేదు. పెన్ను కింద పెట్టి, నా వైపు చూస్తూ కూర్చున్నారు.

చెప్పాను. ఇంగ్లీషులో చెబితే అది ఏదో ముసలివాళ్ళ విసుగులా వినిపించింది. అందుకని ఆయన అన్నది అన్నట్టు తెలుగులో ఒకసారి పలికి, మళ్ళీ అర్థం చెప్పాను. ఎక్కడ కూర్చుని అన్నారో అది కూడా చెప్పాను. ఆవిడ రాసుకుని, వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నా భుజం మీద చెయ్యి వేశారు. ఆవిడ వెళ్ళాక నేను ఆ బల్ల దగ్గరే మధ్యాహ్నం దాకా కూర్చున్నాను.

సోమవారం పోలీసులు ఆయన ఇంటికి వెళ్ళి మూడు తుపాకులూ తీసుకెళ్ళారు. లైసెన్సు ఇవ్వలేమని తర్వాత ఉత్తరం వచ్చింది. ఎవరు ఏం చెప్పారన్నది వాళ్ళు చెప్పరు. చెప్పనక్కర్లేదు కూడా. కూతురు ఫోన్ చేసి, "ఆయనకు మిగిలింది అదొక్కటే, అది నువ్వు తీయించేశావు" అని ఇంగ్లీషులో నెమ్మదిగానే అంది. అరిచి ఉంటే బాగుండేది.

ఆయన ఫోన్ ఎత్తడం మానేశారు. ఆదివారం వెళ్తే తలుపు తీయలేదు. కిటికీ పరదా మాత్రం కదిలింది. క్యారియర్ మెట్టు మీద పెట్టి వచ్చేశాను. బుధవారం నా ఫ్లాట్ గుమ్మం ముందు అదే క్యారియర్ తోమి, తుడిచి, మూత బిగించి ఉంది. మరుసటి ఆదివారం మళ్ళీ పెట్టాను, మళ్ళీ తోమి తిరిగొచ్చింది. ఏడాది దాటేదాకా మా ఇద్దరి మధ్యా నడిచిన మాట అదొక్కటే. తింటున్నారో పారబోస్తున్నారో తెలియదు. బుధవారం క్యారియర్ కనబడితే ఆ వారానికి ఊపిరి పీల్చుకునేదాన్ని.

నలుగురూ కలిసేచోటికి వెళ్ళడం మానేశాను. పెద్దాయన మీద పోలీసులకు చెప్పిన మనిషిని అనుకుంటున్నారని నా భయం. ఒకరోజు సూపర్ మార్కెట్లో హోటలాయన ఎదురుపడ్డాడు. తప్పించుకుందామనుకునేలోగా ఆయనే పలకరించాడు.

"అంకుల్‌కి మోకాళ్ళు బాగా అరిగినయంట గదా మేడం. కొండ ఎక్కలేకపోతున్నా, తుపాకులు ఇచ్చేసిన అన్నడు. మీరు కనబడతలేరేంది?"

ఆయన ఊరందరికీ మోకాళ్ళనే చెప్పారు. ఎవరి దగ్గరా నా పేరు ఎత్తలేదు. ఉల్లిపాయల బుట్ట పట్టుకుని నేను అక్కడే నిలబడిపోయాను.

మరి కొన్నాళ్ళకు రక్తం సీసాలు తీసుకుని మనోవ్యాధుల విభాగం వైపు వెళ్తుంటే, బయట కుర్చీల వరసలో ఆయన కనబడ్డారు. ఇన్నేళ్ళూ మంచాలు తోసిన కారిడార్ అది. దారినపోయే నర్సులు సగం మంది ఆయన్ని ఎరుగుదురు. ముఖం దాచుకోలేదు. నన్ను చూసి, పక్క కుర్చీ మీద పెట్టిన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కూర్చున్నాను.

"నెలకి రెండు సార్లు వత్తన్నాను" అన్నారు.

"మంచిది అంకుల్."

"నీ గోంగూరలో ఉప్పు తగ్గింది, పోయిన వారం."

లోపలినుంచి ఎవరో ఆయన పేరును తప్పుగా పిలిచారు. ఆయన సరిదిద్దకుండా లేచి వెళ్ళారు. నేను సీసాల పెట్టె మీద తల వంచుకుని ఏడ్చాను.

తుపాకులు పోయిన మూడో ఏడు, శీతాకాలం చివర ఒక మధ్యాహ్నం, ఫోన్ కూడా చేయకుండా ఆయన నా ఫ్లాట్‌కి వచ్చారు. చేతిలో అదే రకం కాయితాలు.

"మళ్ళీ పెడతన్నాను. నీ పేరు రాయొచ్చా?"

"నా పేరా?" అన్నాను. "వేరేవాళ్ళను అడగొచ్చు గదా అంకుల్. ఎవరైనా మంచిగనే చెప్తరు."

"అందుకే వాళ్ళ పేరు ఒద్దు. నువ్వు సరే అంటే నాకూ నమ్మకం ఉంటది."

ఈసారి తేలిగ్గా తలూపలేకపోయాను. ఎదురుగా కూర్చుని అడిగాను. "అప్పుడన్న మాట ఇంకా వస్తదా మనసులోకి?"

ఆయన కిటికీలోంచి చాలాసేపు బయటికి చూశారు. అబద్ధం వెతుక్కుంటున్నారని నాకనిపించలేదు. "రోజూ రాదు. అప్పుడప్పుడు వత్తది. వచ్చినప్పుడు లేచి నడుత్తాను. ఎవరితోనో ఒకరితో మాటాడతాను. ఎల్లిపోద్ది."

"వాళ్ళు అడిగితే ఇది కూడా చెప్తా."

"సెప్పాల" అన్నారు.

చెప్పాను. ఈసారి వచ్చినాయన వయసులో చిన్నవాడు. అంతా విని, ఆయన డాక్టరుతో కూడా మాట్లాడాలన్నాడు. నెలల తరబడి ఏ కబురూ లేదు. వేసవి వెళ్ళిపోయే రోజుల్లో లైసెన్సు వచ్చింది.

తుపాకి ఒక్కటే కొన్నారు. అది ఇంటికి తేలేదు. గ్యారేజీలో ఇనప బీరువా ఖాళీగా ఉంచి, లోయ చివర గొర్రెలు పెంచే ఒక ముసలి న్యూజిలాండ్ రైతు ఇంట్లో పెట్టించారు. ఆ రైతుకూ లైసెన్సు ఉంది, బీరువా ఉంది. ఎవరి తుపాకి ఎక్కడుందో పోలీసులకు రాసిచ్చారు. ఇంట్లో పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంది కదా అని నేను అడిగితే, "నా ఇంట్లో అయితే నా సెయ్యి పడితే సాలు. అక్కడయితే అడగాల. అడగాలంటే ఒక మనిసి మొకం సూడాల గదమ్మా" అన్నారు.

తర్వాత నాకు ఆక్లండ్‌లో ఉద్యోగం దొరికి ఆల్బనీ వచ్చేశాను. సెలవులకు డునెడిన్ వెళ్ళినప్పుడు ఆయన ఇంట్లోనే దిగేదాన్ని. కిందటి ఏప్రిల్‌లో అలాగే వెళ్ళాను. తెల్లవారాక ఇద్దరం కారులో రైతు ఇంటికి బయలుదేరాం. నేనే డ్రైవ్ చేశాను. రాత్రి వాన పడి గడ్డి తడిగా ఉంది. రైతు తలుపు తీసి, గుమ్మంలో నిలబడి, "ఎలా ఉన్నావు?" అని ఇంగ్లీషులో అడిగాడు. ఈ దేశంలో అందరూ ఆ మాట అడుగుతారు, జవాబు కోసం ఎవరూ ఆగరు. ఆ రైతు ఆగాడు. చేతులు జేబుల్లో పెట్టుకుని, ఈయన ముఖం చూస్తూ నిలబడ్డాడు.

ఈయన గొర్రెల వైపు చూశారు. కొండ వైపు చూశారు. పర్మిట్టు జేబులో ఉంది, వారం రోజుల గడువు ఉంది, జింకలు అరుస్తున్నాయి.

"ఈ రోజు వద్దు" అన్నారు.

రైతు ఎందుకని అడగలేదు. "టీ పెడతాను" అని లోపలికి నడిచాడు. బూట్లు విప్పి మేమూ వెళ్ళాం. వంటింట్లో కూర్చుని వాళ్ళిద్దరూ వాన గురించీ, గొర్రెల డెక్కల జబ్బు గురించీ, రైతు తుంటి ఆపరేషన్ గురించీ మాట్లాడుకున్నారు. ఈయన రెండు కప్పులు తాగారు. మేం లేచేసరికి గడ్డి ఆరిపోయింది.

ఇంటికొచ్చాక ఆయన కందిపప్పు కడిగి కుక్కర్లో పోశారు. పొయ్యి వెలిగించి, వంటింటి స్టూలు మీద కూర్చుని, కూతురికి ఫోన్ కలిపారు. మూడు విజిళ్ళు వచ్చాయి. ఆయన మాటల్లో పడి వినిపించుకోలేదు. నేనే లేచి పొయ్యి ఆపాను.